గోల్ఫ్ ఫైలుతో జాబ్రియా నుంచి కడప దాకా

స్కాట్లాండులో గోల్ఫ్ ఆడదలచిన కుటుంబానికి పద్నాలుగు రోజుల యాత్ర ఎలా ఏర్పాటు చేయాలో నాకు బాగా తెలుసు. నేను స్కాట్లాండు చూడలేదు. గోల్ఫ్ కర్ర పట్టుకోలేదు. అయినా ఏ మైదానానికి ఏ స్టేషన్‌లో దిగాలో, ఏ హోటల్లో తడిసిన బూట్లు ఆరబెట్టుకునే గది ఉంటుందో ఇప్పటికీ అడిగితే చెప్పగలను. అంత ఏర్పాటు చేసినా, నేను వెళ్లిన యాత్ర మాత్రం వేరు. అది కువైట్ నుంచి బస్రా, బాగ్దాద్, అమ్మాన్, బొంబాయి మీదుగా కడపకు. దానికి ముందస్తు ఏర్పాటు ఏదీ లేదు.

1990లో నేను కువైట్ నగరంలో మిర్కాబ్ అనే పేటలో ఒక కంపెనీ ఆఫీసులో టైపిస్టును. మాది రాయచోటి. నా వీసా, జీతం, సెలవు అన్నీ ఎవరి చేతిలో ఉన్నాయో ఆ కఫీల్ పేరు అబూ నాసర్. ఆయనకు గోల్ఫ్ పిచ్చి. కువైట్‌లో గోల్ఫ్ అంటే ఇసుకలో ఆడేదే. నూనె పోసి తొక్కిన ఇసుకనే పచ్చిక అనుకోవాలి. ప్రతివాడూ చంకలో ఒక చిన్న పచ్చ చాప పెట్టుకుని తిరుగుతాడు. బంతి ఆగిన చోట చాప పరిచి, బంతిని దాని మీద పెట్టి కొడతాడు. ఇరవై ఏళ్లు చాప మోశాక అబూ నాసర్‌కు విసుగు పుట్టింది. గోల్ఫ్ పుట్టిన చోటికే భార్యాపిల్లలతో వెళ్లి ఆడి రావాలని ఏప్రిల్‌లో నిర్ణయించాడు. ఆ పని నా మీద పడింది.

మూడు నెలలు టెలెక్సులు కొట్టాను. అక్కడి పాత మైదానాలను లింక్స్ అంటారు. సముద్రం ఒడ్డున ఇసుకదిబ్బల మీద గడ్డి మొలిచిన నేల అది. చెట్లుండవు, గాలి ఆగదు. గుంటలు కూడా మనుషులు తవ్వినవి కావట. చలిగాలికి గొర్రెలు ఒదిగి పడుకున్న చోట గుంటలు పడితే, వాటినే ఆటలో కలుపుకున్నారట. మా రాయచోటి చుట్టుపక్కల గొర్రెలకేం కొదవలేదు. ఇన్నేళ్లలో అవి ఒక్క మైదానమూ చేయలేదు.

అన్నిటికన్నా పాత మైదానం సెయింట్ ఆండ్రూస్‌లో ఉంది. అక్కడ ముందురోజు పేరు ఇస్తే, మర్నాడు ఎవరు ఆడాలో చీటీలు తీసి చెబుతారు. ఆదివారం ఆట ఉండదు, ఊరివాళ్లు కుక్కలతో షికారుకు వస్తారు. ఇంకో క్లబ్బు నుంచి, ఆడవాళ్లను లోపలికి రానివ్వబోమని మర్యాదగా జవాబు వచ్చింది. అబూ నాసర్ భార్య గోల్ఫ్ ఆడదు. అయినా ఆ క్లబ్బును పట్టికలోంచి కొట్టేయించింది. ఈ ఉత్తరాలు, మ్యాపులు, వీసా దరఖాస్తుల జిరాక్సులు అన్నీ ఒక పచ్చ ఫైలులో ఒక్క కాగితం తప్పిపోకుండా పెట్టాను.

జాబ్రియాలో వాళ్ల ఇంట్లో గంగులమ్మ అని మన రాజంపేట వైపు మనిషి పనిచేసేది. యజమానురాలిని, అంటే అబూ నాసర్ భార్యను, ఇంట్లో పనివాళ్లంతా పిలిచినట్టే మామా అని పిలిచేది. నన్ను బాషన్నా అనేది. మూడేళ్ల కూతుర్ని అక్క దగ్గర వదిలి వచ్చింది. ఆ పిల్లకు అప్పటికి ఏడేళ్లు. స్కాట్లాండు నుంచి తిరిగి రాగానే సెలవు ఇస్తానని మామా మాట ఇచ్చింది.

ముందు అనుకున్న ప్రకారం గంగులమ్మ కూడా పిల్లల్ని చూసుకోవడానికి వెళ్లాలి. కువైట్‌లో పనివాళ్ల పాస్‌పోర్టులు కఫీల్ దగ్గరే ఉంటాయి. ఆఫీసు వాళ్లవి ఆఫీసు బీరువాలో, ఇంట్లో వాళ్లవి మామా బీరువాలో. వీసా కోసం ఇంటిల్లిపాదివీ తెప్పించి, రబ్బరు బ్యాండు వేసి, ఒక తోలు సంచిలో పెట్టాను. చివర్లో హోటల్లో గది చాలక గంగులమ్మను ఆపేశారు. అప్పుడు ఆమె పాస్‌పోర్టు తీసి మామా బీరువాలో పెట్టాల్సింది. నాకొక నియమం ఉండేది. ఒకసారి లెక్కపెట్టి వేసిన కట్టను మళ్లీ విప్పకూడదు, విప్పితే ఒకటి పోతుంది. జూలై చివర్లో ఆ సంచి సంచిగానే విమానం ఎక్కింది. పొరపాటు నాకు తెలిసేసరికి వాళ్లు చీటీల ఊళ్లో దిగిపోయారు. తిరిగి వచ్చేదే కదా అనుకుని ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు రెండు, గురువారం. నా పట్టిక ప్రకారం ఆ ఉదయం ఎనిమిదీ పదికి అబూ నాసర్ పడమటి తీరంలోని మైదానంలో మొదటి బంతి కొట్టాలి. కువైట్ గడియారంలో అది పదీ పది. ఆ వేళకు జాబ్రియా రోడ్డు మీద ఇరాకీ ట్యాంకులు వరసగా పోతున్నాయి. ఆయన ఆడాడో లేదో నాకు తెలియదు. ఫోన్లు పనిచేయలేదు.

వారం తర్వాత జాబ్రియా వెళ్లాను. గంగులమ్మ పెద్ద ఇంట్లో ఒంటరిగా, తలుపుకు సోఫా అడ్డంపెట్టి కూర్చుని ఉంది.

"అందరూ ఊరికి పోతాండారంట గదన్నా. నా పాస్‌పోర్టు మామా బీరువాలో ఉండాది. తాళం లేదు" అంది.

అప్పుడు చెప్పేయాల్సింది. నోరు రాలేదు. "పగలగొడదాం" అన్నాను. లేని వస్తువు కోసం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆ బీరువా పగలగొట్టాను. గంగులమ్మ సుత్తి అందించింది. లోపల అత్తరు సీసాలు, రెండు డజన్ల గోల్ఫ్ బంతులు దొరికాయి. ఆమె నెత్తిన చేతులు పెట్టుకుంది. "ఏ దొంగనాయాలు ఎత్తకపొయ్‌నాడో అన్నా. వాని చేతులు ఇరగ!" అంది. నేను కూడా వాణ్ని తిట్టాను.

ఆగస్టు మూడో వారంలో మా రాయచోటి వాళ్లు ఒక బస్సు కుదుర్చుకుని నాకో సీటు పెట్టారు. ఆఫీసు బీరువా తాళం నా దగ్గరే ఉంది కాబట్టి నా పాస్‌పోర్టు నా జేబులోనే ఉంది. చెప్పి వద్దామని వెళ్లాను. "పో అన్నా. నాది యట్లనో అయితాదిలే. ఆ దొంగనాయాలు దొరికితే బాగుండు" అంది గంగులమ్మ. నేను సీటు వదులుకున్నాను. మా వాళ్లు నాకు మతి పోయిందన్నారు.

దారి చూపించింది గోల్ఫ్ ఫైలే. వీసా దరఖాస్తుకు జత చేసిన గంగులమ్మ పాస్‌పోర్టు జిరాక్సు అందులో ఉంది. మిర్కాబ్‌లో మా ఆఫీసు అద్దాలన్నీ పగిలిపోయాయి, కుర్చీలు కూడా ఎవరో మోసుకుపోయారు. పచ్చ ఫైలు మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. మన ఎంబసీ ముందు మూడు రోజులు లైన్లో నిలబడి, ఆ జిరాక్సు చూపిస్తే ఆమెకు ఒక తెల్ల కాగితం ఇచ్చారు. ఇండియాకు వెళ్లడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని కాగితం.

సెప్టెంబరులో ఒక బుధవారం ఉదయం ఆరున్నరకు మా బస్సు కదిలింది. చార్జీ ఎంతో రాయను, ఆ నోట్లు తర్వాత చెల్లకుండా పోయాయి. ఈ దారిన వెళ్లదలచినవారు నీళ్లు, ఎండు రొట్టె, గొడుగు పెట్టుకోవాలి. మా పక్క సీట్లో హైదరాబాదు టైలరు ఒకాయన కూర్చున్నాడు. నా ఫైలు మీద అంటించిన గోల్ఫ్ బొమ్మ చూసి, "ఏం భాయ్, ఊరంతా బర్బాద్ అయితుంటే నువ్వు గోల్ఫ్ ఆడనీకి పోతున్నవా?" అన్నాడు.

పదకొండూ నలభైకి ఇరాక్ సరిహద్దులో సఫ్వాన్ దగ్గర బస్సు ఆపారు. ఒక సైనికుడు సామాన్లు చూస్తూ ఫైలు తెరిచాడు. మ్యాపు బయటపడింది. సముద్రతీరం, పద్దెనిమిది జెండాలు, ప్రతి జెండాకూ నంబరు, మధ్యలో గుంటలు, ఒక జెండా నుంచి ఇంకో జెండాకు ఎన్ని గజాలో అంకెలు. అతను అధికారిని పిలిచాడు. నన్నూ, నా వెంట ఉన్న గంగులమ్మనూ దింపారు.

"ఇది ఏ తీరం?" అన్నాడు అధికారి అరబ్బీలో.

"స్కాట్లాండు. ఆట."

"ఈ గుంటలు ఎవరు తవ్వారు?"

"గొర్రెలు" అన్నాను. నిజమే చెప్పాను. అతని ముఖం మారింది. బస్సులోంచి ఎవరూ తల బయటికి పెట్టలేదు. జేబులో పాస్‌పోర్టు ఉండి కూడా ఇక్కడ నిలబడ్డానంటే ఎవరి వల్ల అని, అంత భయంలోనూ ఆమె మీద కోపం వచ్చింది.

గంగులమ్మ బస్సు కిటికీలోంచి టైలరు చేతిలో గొడుగు లాక్కుంది. రోడ్డు మీద ఒక రాయి పెట్టింది. రెండు కాళ్లు ఎడంగా పెట్టి, నడుము అటూ ఇటూ మూడుసార్లు ఊపి, ఆగి, మళ్లీ ఊపి, గొడుగు ఎత్తి కొట్టింది. కన్నుల మీద చెయ్యి అడ్డంపెట్టి దూరంగా చూసింది. తర్వాత ఆకాశం వైపు తిరిగి అబూ నాసర్ తిట్టే తిట్టు అరబ్బీలోనే తిట్టింది. రోజూ సాయంత్రం పెరట్లో ఆయన చేసేది అచ్చం అదే. అధికారి నవ్వాడు. సైనికుడు ఇంకా నవ్వాడు. మ్యాపు మాత్రం ఉంచుకున్నారు. "యల్లా, ఎక్కండి" అన్నారు. ఆమె గొడుగు దులిపి టైలరుకు ఇచ్చేసింది.

సాయంత్రం బస్రా, మర్నాడు బాగ్దాద్, ఆ మర్నాడు జోర్డాను సరిహద్దు. అక్కడ డేరాల్లో పదకొండు రోజులున్నాం. నీళ్ల ట్యాంకరు ఉదయం ఏడుకు, రొట్టెలు పదికి. రాళ్ల కింద తేళ్లుంటాయి, బూట్లు దులిపి తొడుక్కోవాలి. ఏడో రోజు పాస్‌పోర్టు ఉన్నవాళ్ల జాబితాలో నా పేరు పిలిచారు. తెల్ల కాగితాల వాళ్ల వరస వేరు. గంగులమ్మ రొట్టెల లైన్లోంచే కేకేసింది.

"పో అన్నా! నేనుంటాలే. ఎంతైనా నా పాస్‌పోర్టు ఎత్తకపొయ్‌న నాయాలికి బిడ్డలుండరా?"

నాకు ఇద్దరు బిడ్డలు. వెళ్లి, నా పేరు కిందికి వేయమని చెప్పి వచ్చాను. నాలుగు రోజుల తర్వాత ఇద్దరం ఒకే బస్సులో అమ్మాన్ చేరి, ఒకే విమానంలో బొంబాయి దిగాం.

మద్రాసు రైలులో కిటికీ పక్క సీటు ఆమెకు ఇచ్చాను. గుంతకల్లులో ఉగ్గాని తిన్నాం. మధ్యాహ్నం మూడూ ఇరవైకి రైలు యర్రగుంట్ల దాటింది. నేను కడపలో దిగాలి, ఆమె రాజంపేటకు. ఇంక ముప్పావు గంటలో ఈ మనిషి నాకు కనబడదు. రెండు నెలలు మోసిన మాట ఆమెకు చెప్పకుండా నేను దిగలేను. చెప్పేశాను. సంచి సంగతి, రబ్బరు బ్యాండు సంగతి, బీరువాలో లేదని తెలిసే పగలగొట్టిన సంగతి అంతా చెప్పాను. చెబుతుంటే ఏడుపు వచ్చింది.

గంగులమ్మ వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ వింది.

"తెలుసు లేన్నా" అంది.

"ఏం తెలుసు?"

"ఆ సంచి మామా చేతికి అందించింది నేనే గదా. నా పాస్‌పోర్టు అట్ట మీద పసుపు బొట్టు పెట్టుకోని ఉండా, లోపల అదే కనపడె. తెలీదా నాకు? సదువుకున్నోనివి, ఏదో అనుకోనే పెట్టింటావులే అని గమ్మునుండా."

"మరి తెలిసి ఎందుకు అడగలేదమ్మా? ఆ సుత్తి ఎందుకు అందించినావు?"

ఆమె గింజలు నోట్లో వేసుకుని నమిలి మింగింది.

"మొదటి దినమే నీ మింద పడి అరిసింటే ఏం జేసింటావు? తప్పయింది గంగులమ్మా అనింటావు. నేను సరేలే అనింటా. ఆడికి ఖలాస్. మర్నాడు మీ రాయచోటోళ్ల బస్సెక్కి పొయ్యింటావు. నీకు తప్పు చెప్పుకునే దోవ ఇయ్యకూడదు అనుకున్యా. నా బిడ్డను చూసుకోవల్ల గదన్నా నేను."

కడప స్టేషన్ వచ్చింది. ఆమె నా సంచి అందించి, "బిడ్డలు జాగర్త. వదినెను అడిగినానని చెప్పు" అంది. రైలు మూడు నిమిషాలు ఆగి కదిలింది. చెయ్యి ఊపలేదు, గింజలు ఒలుచుకుంటూనే ఉంది.

రాయచోటి బస్సులో ఘాట్ ఎక్కేదాకా నాకు కోపంగానే ఉంది. రెండు నెలలు నన్ను ఒక ఆడమనిషి ఇసుకలో తిప్పింది, ఆమెకు నేను కృతజ్ఞత కూడా చూపించానని మండిపోయాను. ఘాట్ దిగుతుంటే మొదటిసారి నన్ను నేను సూటిగా అడిగాను. ఆమె ఆ మొదటి రోజే నన్ను క్షమించి ఉంటే ఏం చేసేవాణ్ని? వదిలేసి వచ్చేవాణ్నే. మంచిమాట చెప్పి, ధైర్యంగా ఉండమని చెప్పి, కిటికీ పక్క సీటులో కూర్చుని వచ్చేవాణ్ని. ఆ సంగతి నాకంటే రెండు నెలల ముందే, తలుపుకు సోఫా అడ్డంపెట్టుకుని కూర్చున్న గంగులమ్మకు తెలుసు.