పదో తరగతి స్టైపెండ్

ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో ఉన్నవి: క్లర్కు, నేను, ఒక కంప్యూటరు, నా అప్రెంటిస్ ఒప్పందం, పదో తరగతి సర్టిఫికెట్ జిరాక్సు. లేనిది డిప్లొమా జిరాక్సు. చేరిన రోజు రెండూ ఇచ్చాను.

నంద్యాల శివార్లలోని ఆ ఫ్యాక్టరీకి రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చేవాణ్ణి. ఏడాది శిక్షణలో ఏడు నెలలు గడిచాయి. అది పూర్తయితే పర్మినెంటు పోస్టు అడగొచ్చు, ఇరవై ఎనిమిదేళ్ల లోపైతేనే. నాకు అప్పటికే ఇరవై ఏడు నిండాయి. పదో తరగతి తర్వాత చాలా ఏళ్లు నాయనతో శిల్పాల షెడ్డులో రాయి చెక్కి, ఆలస్యంగా మెకానికల్ డిప్లొమా చేశాను. పక్క లేత్ మీద పనిచేసే అప్రెంటిస్‌దీ అదే డిప్లొమా. అతని ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ చూశాను. నెలకు నాకంటే రెండు వేలు ఎక్కువ.

స్క్రీన్ మీద నా చదువు పదో తరగతి అని ఉంది, స్టైపెండ్ కూడా దానికి తగ్గట్టే. పుట్టిన తేదీకి రుజువుగా మా వైపు అందరం ఇచ్చేది ఆ సర్టిఫికెట్టే. క్లర్కు తేదీతో పాటు చదువు కూడా అందులోంచే ఎక్కించాడు.

"సరిచేయన్నా," అన్నాను.

"సరిచేసేది ఉండదప్పా. ఇది రద్దు చేసి కొత్తది రాయల్ల. మళ్లా ఒకటో నెల నుంచి లెక్క."

"ఈ ఏడు నెలలు?"

"నేర్చుకున్న పని యాడికి పోతాదిలే. నీ చేతిలోనే ఉంటాది."

ఆ తేడా ఫ్యాక్టరీయే ఇవ్వొచ్చు కదా అని మేనేజరును అడిగాను. సంతకం నీదే కదా అన్నాడు. నాదే. చదువు పదో తరగతి అని నాలుగో పేజీలో ఉంది, చదవలేదు. డ్రాయింగులో అర మిల్లీమీటరు తప్పు పట్టుకునేవాణ్ణి.

ఇంట్లో చెబితే నాయన ఉలికి పదును పెట్టడం ఆపలేదు. వాళ్ల షెడ్డులో కాగితాలు అడగరు. పీఠం చెక్కేవాడికి పీఠం కూలి, ముఖం తీర్చేవాడికి ముఖం కూలి.

"ఇంత చదివి టెన్తు చదివినోని దుడ్లకు చేస్తాండావా? ఈడికొచ్చేయ్. ముక్కూ కన్నూ మర్చిపోయింటావు గానీ, పీఠం కూలి ఇప్పిస్తా."

ఒప్పందం రద్దు చేస్తే మళ్లీ పన్నెండు నెలలు. పూర్తయ్యేసరికి వయసు హద్దు దాటుతుంది. క్లర్కు ఇచ్చిన రద్దు ఫారం మర్నాడు నింపకుండానే అతనికి తిరిగిచ్చాను. మంచి పని చేసినావప్పా అన్నాడు, తనకు పని తప్పినందుకు.

మిగతా ఐదు నెలలూ అదే స్టైపెండ్‌కు చేశాను. ఏడాదికి తగ్గింది ఇరవై నాలుగు వేలు.