చూద్దాంలే అనకూడని ఆఫీసు

మా వీధి చివర ఇస్త్రీ కొట్టతను ఈమధ్య బొగ్గుల పెట్టె మానేసి ఆవిరి ఇస్త్రీపెట్టె కొన్నాడు. పొద్దున కంపెనీ బండి కోసం అక్కడ నిలబడితే, కొత్త గుడ్డ మీద వేడి ఆవిరి పడిన వాసన ముక్కుకు తగులుతుంది. తక్కినవాళ్ళకు అది ఇస్త్రీ బట్టల వాసన, అంతే. నాకు మాత్రం హిందూపురం పొలిమేరలోని ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీ, అందులో మెట్ల కింద ఇరికించిన ఆఫీసు గది, ఆ గదిలో కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని కూర్చున్న గ్రేసమ్మ మేడం గుర్తొస్తారు. మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకోవడమే నా ఉద్యోగం. ఆ పనిలో నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆమె దగ్గర నేర్చుకున్నవే. ఆమె మంచి మనిషి అని అందరూ అంటారు. నేనైతే అంత తేలిగ్గా అనను. ఆమెకు ముక్కు మీద కోపం, మాట కరుకు, మెప్పుకోలంటే చిరాకు.

అనంతపురంలో ఎంబీయే చదివి, ఓబులదేవరచెరువులో మా నాయన సేద్యం వదిలించుకుని నేను అక్కడ చేరేసరికి ఆ గది తలుపు మీద మూడు బోర్డుల గుర్తులున్నాయి. మొదట అది టైమ్ ఆఫీసు. తర్వాత పర్సనల్ డిపార్ట్‌మెంటు. నేను చేరిన ఏడాదే హెచ్.ఆర్. అని కొత్త బోర్డు కొట్టారు. బోర్డు మారిన ప్రతిసారీ హెడ్ ఆఫీసు నుంచి ఒక కుర్రాడు వచ్చి శిక్షణ ఇచ్చి వెళ్ళేవాడట, కుర్చీలు మాత్రం అవే ఉండేవట. మానవ వనరులు అనే మాట వింటే ఆమెకు నవ్వొచ్చేది. “వనరంటే మన జిల్లాలో ఎండిపోయేదనే కదా పాపా అర్థం. మనుషులకు ఆ పేరెందుకు పెట్టినారో” అనేది. నేను పుస్తకంలో చదివిన నిర్వచనం చెప్పబోతే, ముందు బస్సుల సంగతి నేర్చుకోమంది.

బస్సుల సంగతంటే ఇది. మా ఫ్యాక్టరీలో మిషన్ల దగ్గర కూర్చునేవాళ్ళంతా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు, కంపెనీ బస్సుల్లో వచ్చేవాళ్ళు. రొద్దం పక్క శెనక్కాయలు పీకే రోజులొస్తే ఆ బస్సు సగం ఖాళీగా వచ్చేది. ఒక ఊళ్ళో జాతర జరిగితే ఆ ఊరి బస్సు అసలు వచ్చేదే కాదు. పాత సూపర్‌వైజర్లు ఒక ఊరివాళ్ళనంతా ఒకే లైన్లో కూర్చోబెట్టేవాళ్ళు కాబట్టి, ఒక ఊళ్ళో పెళ్ళయితే ఒక లైనంతా ఆగిపోయేది. హెడ్ ఆఫీసువాళ్ళు దీనికి క్రమశిక్షణ లేకపోవడం అని పేరు పెట్టారు. గ్రేసమ్మ మేడం మాత్రం ఏ ఊరివాళ్ళనూ ఒకేచోట కుప్పపోయకుండా అన్ని లైన్లలోకీ చల్లేసింది. ఆ తర్వాత జాతరలు జరిగాయి, లైన్లూ నడిచాయి. నేను నా చదువులో వర్క్‌ఫోర్స్ ప్లానింగ్ అని మార్కులు తెచ్చుకున్నది దీని గురించేనని అప్పుడు అర్థమైంది.

ఒకసారి మడకశిర పక్కనుంచి ఒకే ఇంటి తోడికోడళ్ళిద్దరు ఉద్యోగానికొచ్చారు. ఇద్దరికీ చెయ్యి చురుకు. కలిసి రావచ్చు పోవచ్చు కదా అని నేను ఇద్దరికీ పొద్దుటి షిఫ్టు వేస్తుంటే ఆమె ఆపింది. “ఇద్దరూ ఒకే బస్సెక్కితే ఆ ఇంట్లో పొయ్యి ఎవురు అంటిస్తారు? వారం తిరక్కముందే అత్త ఇద్దర్నీ నిలిపేస్తాది” అని, ఒకామెను మధ్యాహ్నానికి మార్చింది. ఆ ఇద్దరూ ఇంకా పనిచేస్తున్నారని మొన్న తెలిసింది.

ఇంత తెలిసిన మనిషి ఒక చిన్న మాట దగ్గర బోల్తా పడింది. ఆమె గురించి నేను చెప్పదలచుకున్నది నిజానికి అదే.

నాగభూషణం ధర్మవరం నుంచి రైల్లో వచ్చాడు. ఇంట్లోనే నేలలో గుంత తవ్వి మగ్గం పెట్టుకుని పట్టుచీరలు నేసే మనిషి. మరమగ్గాలు వచ్చాక షావుకారు నేతకిచ్చే పట్టు తగ్గించేశాడని, గుడ్డ తెలిసినవాళ్ళను ఇక్కడ తీసుకుంటారని విన్నానని చెప్పాడు. గుడ్డ తనిఖీ చేసే దగ్గర పెడితే బంగారంలా చేసేవాడే. కానీ కొత్తగా తీసుకునేవాళ్ళకు ముప్పై అయిదేళ్ళు దాటకూడదని నిబంధన, ఆయన నలభై దాటేసి చాలా కాలమైంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎదురుగా కుర్చీ ఉన్నా నిలబడే ఉన్న ఆ మనిషిని చూసి మేడం లేదనలేకపోయింది. “చూద్దాంలేప్పా” అంది.

ఆ మాటకు మా వైపు అర్థం అందరికీ తెలుసు. పిల్లనడగడానికి పోయినవాళ్ళకు చూద్దాంలే అన్న జవాబొస్తే, ఆ గడప మళ్ళీ తొక్కరు. అది మర్యాదగా చెప్పిన లేదు. నాగభూషణం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్ళాడు. అది కూడా మర్యాదే అనుకున్నాం.

కొన్నాళ్ళకు ఒక ఉదయం వాచ్‌మన్ ఫోన్ చేసి, క్యారియర్‌తో ఒకాయన పనిలోకి వచ్చానంటున్నాడని చెప్పాడు. పోయి చూస్తే ఆయనే. ఎవరు రమ్మన్నారని మేడం అడిగితే, మీరే కదమ్మా చూద్దామన్నారు అన్నాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి విన్న ‘చూద్దాం’ షావుకారుది. నేసిన చీర తీసుకుపోతే, నచ్చనిది షావుకారు అప్పుడే మడిచి చేతికిచ్చేస్తాడు. నచ్చింది మాత్రం పక్కన పెట్టుకుని “పెట్టిపో, చూద్దాం” అంటాడు. అంటే తీసుకున్నట్టే లెక్క. మేడం కూడా ఆరోజు ఆయన ఆధార్ జిరాక్సు తీసుకుని పక్కన పెట్టుకుంది మరి.

“మగ్గం గుంత పూడ్చేసి సిమెంటు చేపిచ్చినానమ్మా. పిల్లోళ్ళు పండుకునేకి జాగా అయితాదని. మగ్గం కొయ్యలు మా బామ్మర్ది తోలుకపోయినాడు” అన్నాడు సంతోషంగానే.

మేడం యూనిట్ హెడ్ గదిలోకి వెళ్ళింది. లోపల ఆమె గొంతు పెద్దదవడం బయటికి వినిపించింది. వయసు కొట్టగానే కంప్యూటరు ఎర్రగీత చూపిస్తుంది, నేనేం చెయ్యనని ఆయన అంటున్నాడు. ఆమె బయటికొచ్చాక నేను మెల్లగా, వచ్చే నెల రమ్మని పంపేద్దామా మేడం అన్నాను. ఆమె నావైపు కోపంగా ఒక చూపు చూసింది. నేరుగా పోయి గేటు దగ్గర బల్ల మీద నాగభూషణం పక్కనే కూర్చుంది.

“నాగభూషణప్పా, ఉద్యోగం లేదు. ఇప్పుడే కాదు, నువ్వు ముందొచ్చిన పొద్దు కూడా లేదు. నీ మొగం చూసి చెప్పలేకపోయినా.”

ఆయన తిట్టుంటే బాగుండేది. “ఆ పొద్దే ఈ మాట చెప్పింటే గుంత పూడ్చేవాణ్ణి కాదు కదమ్మా” అన్నాడు. ఆయన లేచి, పెట్టి తెచ్చుకున్న అన్నం తినకుండానే స్టేషన్ దారి పట్టాడు.

ఆ ఆదివారం ప్రార్థన కూడా మానుకుని ఆమె నన్ను వెంటబెట్టుకుని ధర్మవరం వెళ్ళింది. ఇంట్లో పిల్లలు నున్నటి సిమెంటు మీద బోర్లా పడుకుని రాసుకుంటున్నారు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది కానీ మాతో మాట్లాడలేదు. గుంత మళ్ళీ తవ్వించుకో, బామ్మర్దితో నేను మాట్లాడతానని మేడం అంటే, ఇచ్చిన మగ్గాన్ని మళ్ళీ ఎట్లా అడిగేదని ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ బామ్మర్ది ఇంట్లోనే, తానిచ్చిన మగ్గం మీదే, కూలికి నేయడానికి ఆయన అప్పటికే ఒప్పుకున్నాడు. కథల్లో అయితే ఆయన భార్యకు మా ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చేది. ధర్మవరానికి మా బస్సు లేదు.

తిరుగు రైల్లో ఆమె పెనుకొండ దాటేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. తర్వాత, చూద్దాం అనే మాట మన ఆఫీసులో ఇంక ఎవరి నోటా రాకూడదంది. మర్నాటి నుంచి అది చట్టమైంది. ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఉందని గేటు దగ్గర చెప్పినా ఫర్వాలేదు, లేదని చెప్పాలంటే మాత్రం కూర్చోబెట్టి, కారణంతో చెప్పాలి. సూపర్‌వైజర్లు వెనకాల నవ్వుకున్నారు. నేనూ కొంచెం నవ్వాను. కానీ ఎండలో పడి మూడోసారి నాలుగోసారి తిరిగే జనం తగ్గిపోవడం మా అందరికీ కనిపించింది.

నేను తర్వాత పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీకి మారాను. ఇప్పుడు దరఖాస్తులన్నీ ఫోన్లోనే వస్తాయి. పనికిరావనుకున్న దరఖాస్తుకు కూడా ‘మీ వివరాలు పరిశీలనలో ఉన్నాయి’ అని మెసేజి పోతుంది. కంప్యూటరు కూడా చూద్దాంలే అనడం మనవాళ్ళ దగ్గరే నేర్చుకున్నట్టుంది. ఆ మెసేజిని నేను పోట్లాడి మాన్పించాను. మా దాకా వచ్చి మాట్లాడిపోయినవాళ్ళకు లేదని నేనే ఫోన్ చేసి చెబుతాను. ఇది కంపెనీలో నా చాదస్తంగా చెలామణి అవుతోంది.

రిటైరై పెనుకొండలోనే ఉంటున్న మేడం పోయినేడు ఒకరోజు మా ఆఫీసుకొచ్చింది. భర్త పోయి అప్పటికి కొన్ని నెలలయింది. కొత్త పిల్లలకు పని చెప్పడమో, బస్సులు చూసుకోవడమో, పూటకింత ఏదైనా పని ఇప్పించమంది. “ఇంట్లో గోడల్తో ఎంతసేపని మాట్లాడేది పాపా” అంది. ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. నేను చెన్నైలోని మా హెడ్ ఆఫీసువాళ్ళతో వాదించాను, బతిమాలాను, కాంట్రాక్టు మీదైనా ఇవ్వమన్నాను. అరవై దాటినవాళ్ళను ఏ పేరుతోనూ తీసుకోకూడదని తేల్చేశారు.

ఆమె మళ్ళీ వచ్చినప్పుడు కూర్చోబెట్టాను. టీ తెప్పించాను. ఎండల గురించీ, ఆమె మోకాళ్ళ గురించీ మాట్లాడాను. చూద్దాం మేడం అనే మాట గొంతులో ఎంత సుఖంగా కూర్చుని ఉందో ఆరోజు తెలిసింది. చివరికి బల్ల మీది పెన్నును చూస్తూ చెప్పాను.

“లేదు మేడం. వయసు కుదరదన్నారు.”

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

“కిందికి చూసి చెప్పినావు. అట్ల చెప్తే ఇంగా ఏమో మిగిలుండాదనుకుంటారు. ఈ పక్క చూసి మళ్ళీ చెప్పు.”

తలెత్తాను. ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి కానీ నన్ను వదల్లేదు.

“లేదు మేడం” అన్నాను.

“ఊఁ” అని సంచీ భుజానికి తగిలించుకుంది. నేను గేటు దాకా తోడు వెళ్ళబోతే, ఉద్యోగానికొచ్చిన పిల్లలు ఇంకా బయట కూర్చుని ఉన్నారు, వాళ్ళను పిలువు పో అంది. ఆమె వెళ్ళాక తలుపు వేసుకుని కాసేపు ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని వాళ్ళను ఒక్కొక్కరినే లోపలికి పిలిచాను. వాళ్ళలో ఇద్దరికి లేదని చెప్పాల్సి వచ్చింది. మొహంలోకి చూసే చెప్పాను.