గదులాయన వదిలే ఖాళీ గది

గదులాయనకి ఒకటే పిచ్చి. కంటికి కనబడిన ప్రతిదాన్నీ గదులుగా విడగొట్టాలి. విడగొట్టాక అందులో ఒక గది ఖాళీగా వదిలెయ్యాలి. ఇదొక్కటీ తీసేస్తే మిగతా అన్నిట్లో మనలాంటి మనిషే. ఆకలేస్తే తింటాడు, వానొస్తే తడుస్తాడు, సూపర్వైజరు ఎదురైతే పక్కకి తప్పుకుంటాడు.

పార్సిళ్ల గోదాములో కంప్యూటర్లు చూసుకోవడం ఆయన పని. మొత్తం నలభై. పైన ఆఫీసులో కొన్ని, కింద కౌంటర్లలో కొన్ని, తూకం బల్ల పక్కన ఒకటి. వాటిని ఇక్కణ్ణించి అక్కడికి మొయ్యాల్సి వస్తే పెద్ద హమాలీని పిలుస్తారు. పెద్ద హమాలీ అంటే అదేదో హోదా అనుకునేరు. మిగతా హమాలీల కంటే ముందు నడుం పట్టేసినవాడని అర్థం. నలభై ఎనిమిదేళ్లు. ఐదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేశాడు. గదులాయన గురించి ఆయన దగ్గరున్న కథలన్నీ దించాలంటే ఒక లారీ చాలదు.

మచ్చుకి ఆ అన్నం డబ్బా సంగతి. గదులాయన డబ్బాలో నాలుగు అరలు. మూడింట్లో తిండి, నాలుగోది నున్నగా కడిగేసి ఖాళీ.

"సారూ, అందులో పెట్టడం మర్చిపోయారా?" అని హమాలీ అడిగాడు, మొదటిసారి చూసినప్పుడు.

"మర్చిపోతే నాలుగూ ఖాళీగా ఉండేవి."

"మరి దాంట్లో ఏం పెడతారు?"

"ఏం పెట్టను. అది ఖాళీ గది."

"ఎందుకూ?"

"ఉండనీ అన్నా. ఎప్పుడు ఏ అవసరమొస్తుందో."

అన్నం డబ్బాలో ఏం అవసరమొస్తుంది? చుట్టాలొచ్చి దిగుతారా? హమాలీకి అర్థం కాలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం తన డబ్బాలో ఉన్న ఒక్క ఉడికించిన గుడ్డు మీద గీత గీస్తే ఎన్ని గదులొస్తాయా అని కాసేపు ఆలోచించాడు.

గదులాయన చొక్కాకి రెండు జేబులు. ఒకదాంట్లో కళ్లజోడు, పెన్నులు, ఫోను, స్క్రూడ్రైవరు, టేపు అన్నీ కుక్కేసేవాడు. రెండోది ఖాళీ. దాంతో మనిషి ఎప్పుడూ ఒకవైపు ఒరిగి నడిచేవాడు, ఒక తట్టలోనే బరువు పెట్టిన తక్కెడలా. ఇంట్లో బీరువాలో ఒక అర ఖాళీ. "పెళ్లిచూపుల్లోనే చెప్పాల్సింది, ఇంట్లో నాలుగో వంతు వాడనివ్వనని" అని వాళ్లావిడ వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ఓసారి అందరూ తినే బల్ల మీద సుద్దముక్కతో నాలుగు గదులు గీశాడు. మూడు గదుల్లో ఏడుగురు ఒకరి మోచెయ్యి ఒకరి నోట్లో పెట్టుకుని తింటున్నారు. నాలుగో గది ఖాళీ. అప్పుడే సూపర్వైజరు వచ్చి హాయిగా అందులో కూర్చున్నాడు.

"సార్, అది ఖాళీ గదండీ."

"ఖాళీయే కదయ్యా, అందుకే కూర్చున్నా."

"మీరు కూర్చుంటే ఇంక ఖాళీ ఏముందండీ?"

సూపర్వైజరు లేచాడు. ప్లేటు పట్టుకుని నిలబడి తిన్నాడు. ఆ రోజు నుంచి గదులాయన "ఖాళీ" అనే మాట ఎత్తితే చాలు, ఆయన ఆ చుట్టుపక్కల ఉండడు.

ఇలా రోజులు సరదాగా నడుస్తుంటే ఒక ఆర్డరు వచ్చింది. నలభై కంప్యూటర్లకీ కొత్త సిస్టమ్ ఎక్కించాలి, ఒక్క శనివారంలో. ఆ కంప్యూటర్ ఉందే, సిస్టమ్ ఎక్కించేటప్పుడు అడ్డమైన ప్రశ్నలూ అడుగుతుంది. ఏ భాష? గడియారం ఏ టైము? డిస్కు ఎన్ని ముక్కలు చెయ్యాలి? ఒక్కోదాని ముందు కూర్చుని జవాబులు చెబుతూ పోతే నలభై పూర్తయ్యేసరికి తాతలైపోతారు. అందుకని గదులాయన జవాబులన్నీ ముందే ఒక చీటీలా రాసి పెన్‌డ్రైవులో పెట్టాడు. పెన్‌డ్రైవు గుచ్చి బటన్ నొక్కితే చాలు. కంప్యూటర్ తనే అడుక్కుంటుంది, తనే చీటీ చూసుకుని జవాబు చెప్పుకుంటుంది, తనే ఎక్కించుకుంటుంది.

"డిస్కు కూడా అదే కోసుకుంటుందా?" హమాలీ నోరు తెరిచాడు.

"కోసుకోవడం ఏంటన్నా, గదులు కట్టుకోవడం!" గదులాయన మొహం వెలిగిపోయింది. "చిన్న గుమ్మం ఒకటి, లోపలికి రావడానికి. సిస్టమ్‌కి ఒక గది. బరువెక్కువైతే కాసేపు దించుకోడానికి ఇంకో గది."

"మాకు దారిలో మూట దించుకునే అరుగులాగా?"

"నువ్వు ఇంజనీరువి కావాల్సింది అన్నా!"

మొదటి పరీక్షకి అందరూ గుమిగూడారు. గదులాయన బటన్ నొక్కి, చేతులు కట్టుకుని, పెళ్లికొడుకు తండ్రిలా నిలబడ్డాడు. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. గీతలు వచ్చాయి. ఆగిపోయింది. సంగతేంటంటే, 'మొదట కనబడిన డిస్కుని పట్టుకో' అని చీటీలో రాశాడు. కంప్యూటర్‌కి మొదట కనబడింది ఆ పెన్‌డ్రైవే. దాన్నే శుభ్రంగా తుడిచి నాలుగు గదులు కట్టేసింది, చీటీతో సహా. కూర్చున్న కొమ్మనే నరుక్కోవడమంటే అదే.

ఇంకొకడైతే తల పట్టుకునేవాడు. గదులాయన చప్పట్లు కొట్టాడు. "చూశారా! ఎంత చిన్నదాంట్లో ఎంత బాగా కట్టిందో!"

మర్నాటికి చీటీ మార్చాడు. చిన్నదాని జోలికి పోకు, పెద్దదాన్నే పట్టుకో. ఈసారి గడియారంలా నడిచింది. సూపర్వైజరు చూసి తల ఊపాడు. "బాగుంది. శనివారం అన్నీ తుడిచెయ్యి. పాతది ఒక్క ముక్క ఉండకూడదు. కంప్యూటర్లలో ఎవరు దాచుకున్నవి వాళ్లు తీసేసుకోమని నోటీసు కూడా అంటించాం."

అంటించారు, నిజమే. పైన ఆఫీసులో, ఇంగ్లీషులో. కింద పనిచేసేవాళ్లెవరూ చూసింది లేదు. ఆ మాట అక్కడే నిలబడి విన్న హమాలీకి మాత్రం కాళ్ల కింద నేల కదిలింది.

ఎందుకంటే తూకం బల్ల పక్కనున్న కంప్యూటర్‌లో ఆయన ఉత్తరం ఉంది. అక్కకి రాస్తున్న ఉత్తరం. అక్కతో మాటల్లేక ఆరేళ్లు. వాళ్లమ్మ కుట్టుమిషన్ని అక్క ఇంటికి ఈయనే భుజాన మోసుకెళ్లాడు. ఊళ్లోవాళ్ల బరువులన్నీ మోసినవాడు ఆ ఇంటి మెట్ల మీదే జారి దాన్ని కింద పడేశాడు. చక్రం విరిగింది. "పుట్టినప్పట్నుంచీ మోతలే కదరా నీ పని, ఇదొక్కటి మొయ్యలేకపోయావా?" అంది అక్క. ఈయనా ఏదో అన్నాడు. అంతే. చేత్తో రాద్దామంటే ఆయన రాత చూసి అక్క చదవకముందే నవ్వుతుంది. అందుకని నాలుగు నెలలుగా, అన్నం తిన్నాక మిగిలే పావుగంటలో, ఒక్క వేలితో వెతికి వెతికి కొట్టాడు. పది లైన్లయ్యాయి, 'నాలుగు నెలలుగా కొడుతున్నా' అన్న లైనుతో కలిపి. తప్పు కొడితే చెరిపెయ్యొచ్చు, అక్కకి తెలీదు. దాన్ని కాగితం మీదికి ఎలా తెచ్చుకోవాలో మాత్రం ఆయనకి తెలీదు. అడగడానికి సిగ్గు. ఈ వయసులో అక్కకి ఉత్తరం రాస్తూ కూర్చున్నాడంటే గోదామంతా ఏడాది పాటు నవ్వుకోదూ?

శనివారం పొద్దున ఆయన ముప్పై తొమ్మిది కంప్యూటర్లు మోసుకెళ్లి గదులాయన బల్ల మీద వరసగా పెట్టాడు. నలభయ్యోదాన్ని అట్టపెట్టెలో పెట్టి, టేపు చుట్టి, గుమ్మం దగ్గర మూల దాచాడు. సాయంత్రం దాకా ఎవరూ చూడకపోతే గండం గడిచినట్టే.

కానీ ముప్పై ఏళ్ల అలవాటుకి బుద్ధి ఉంటుందా? మధ్యాహ్నం లారీ వచ్చింది. టేపు చుట్టిన పెట్టె గుమ్మం దగ్గర కనబడితే హమాలీ చేతులు అడగవు, ఎత్తేస్తాయి. మనసులో అక్కనీ ఉత్తరాన్నీ తలుచుకుంటూ, చేతుల్తో ఆ ఉత్తరాన్నే తీసుకెళ్లి లారీ ఎక్కించేశాడు. ఆఖరి పెట్టె వేసి వెనక్కి తిరిగితే మూల ఖాళీగా ఉంది.

"ఓరి నాయనోయ్!"

లారీ గేటు దాటుతోంది. నడుం నొప్పి సంగతి నడుం మర్చిపోయింది. తువ్వాలు గాల్లో ఊపుకుంటూ లారీ వెనక పరుగు. ఆయన వెనక, నలభయ్యోది ఎక్కడా అని వెతుక్కుంటూ బయటికొచ్చిన గదులాయన ఒకవైపు ఒరిగి పరుగు. లారీ ఆగింది.

"ఏమైందన్నా?"

"పెట్టె సారూ! పొరపాటున..."

లోపల రెండువందల పెట్టెలు, అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. హమాలీ ఎక్కి ఒక్కోటీ ఎత్తి చూశాడు. ఇది కాదు, ఇది బరువు. ఇది కాదు, ఇది తేలిక. పదిహేడోది ఎత్తగానే భుజానికి తెలిసిపోయింది. దించుకుని, గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. గదులాయన టేపు ఊడదీసి చూశాడు.

"తూకం బల్లది. దీన్నెందుకు ఊరికి పంపిస్తున్నావు?"

హమాలీ నేల చూశాడు. "దీన్ని వదిలెయ్యకూడదా సారూ?"

గదులాయన ఆయన మొహం చూశాడు, పెట్టె చూశాడు.  "పద అన్నా" అని తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, పెన్‌డ్రైవు గుచ్చి, బటన్ నొక్కేశాడు!

తెర మీద గీత పాకుతుంటే హమాలీకి ఒక్కో లైనూ చెరిగిపోతున్నట్టుంది. పది శాతం, 'అక్కా బాగున్నావా' పోయింది. యాభై, కుట్టుమిషన్ పోయింది. నూరు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, చెమటేనని తనకి తనే చెప్పుకున్నాడు.

"కూర్చో. నీ గది తెరిచి చూసుకో" అన్నాడు గదులాయన.

"నా గదేంటి సారూ?"

"పోయిన ఏడాది ఇవన్నీ కొన్నప్పుడే ఒక్కోదాంట్లో ఒక గది వేరే కట్టి వదిలేశా. మీరు ఏం దాచుకున్నా అందులోకే పోతుంది. చీటీలో రాశాను కదా, ఆ గది కనబడితే తలుపు కూడా తట్టొద్దని. నలభైకీ అంతే."

హమాలీ కూర్చున్నాడు. తెరిచాడు. పది లైన్లూ పదిలంగా ఉన్నాయి, తప్పులతో సహా.

"అంటే... మీరు చదివారా?"

"నేనెందుకు చదువుతానన్నా? పావుగంట చొప్పున నాలుగు నెలలు ఎవరో కష్టపడుతున్నారని మాత్రం తెలుసు. ఒకవేళ నాకే తెలీకపోయినా పోకూడదు కదా."

సాయంత్రం సూపర్వైజరు వచ్చాడు. "అంతా తుడిచేశావా?"

"సిస్టమ్ గది నేలమట్టం చేసి మళ్లీ కట్టానండీ."

"మిగతాది?"

"అది ఖాళీ గదండీ."

"బాబూ, ఆ గోల నాకొద్దు!" అని ఆయన వచ్చినదారినే వెళ్లిపోయాడు. సోమవారం పొద్దున అదే మనిషి దొంగచాటుగా వచ్చి, చెవిలో, "నేను పాటలు పాడి దాచుకున్నవి... అందులో... ఏమైనా..." అని నసిగాడట. "మీ గది తెరుచుకోండి సార్, నేను వినలేదు" అన్నాడు గదులాయన.

ఆ శనివారమే గదులాయన ఉత్తరాన్ని కాగితం మీదికి తెచ్చిచ్చాడు. పేజీలో సగం వచ్చింది. "కింద ఇంకేమైనా రాయాలేమో సారూ, బోసిగా ఉంది" అన్నాడు హమాలీ.

"వద్దు. ఆ సగం ఖాళీగా ఉండనీ."

పోస్టు చేసి వారం తిరక్కుండా అదే కాగితం తిరిగొచ్చింది. ఖాళీగా వదిలిన సగంలో చీమ దూరే సందు లేకుండా అక్క చేతిరాత.

"ఒరేయ్, ఈ పది లైన్లకి నాలుగు నెలలు పట్టిందా? చక్రం ఆ నెల్లోనే మార్పించాను, మిషన్ నీకంటే బాగా పనిచేస్తోంది. ఆదివారం రా. రాకపోతే నేనే వచ్చి చెవి పట్టుకుని లాక్కొస్తా. చోటు అయిపోయింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకా తిట్టేదాన్ని."

హమాలీ పరుగున వెళ్లి దాన్ని గదులాయన చేతిలో పెట్టాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఆఖరి లైను రెండుసార్లు చదివి, బాధగా తల ఊపాడు.

"తప్పు నాదే అన్నా. ఇంకాస్త ఖాళీ వదలమనాల్సింది."