బాపు పోలిక

బాపు చనిపోయేనాటికి ఆయనకు నలభై ఆరేళ్లు. అన్నకు పదహారు, నాకు పన్నెండు. సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక, వాకిట్లో కూర్చున్న చుట్టాలు అన్నను దగ్గరికి పిలిచి గడ్డం పట్టుకుని చూశారు. "అచ్చం బాపే. నడక, నవ్వు, కోపం, అన్నీ ఆయనయే" అన్నారు. ఓదార్చడానికే అన్నారు. కానీ ఆ మాట విని నాకు భయమేసింది.

ఎందుకంటే తాత కూడా అలాగే పోయాడు. యాభై నిండకముందే, పొలం గట్టు మీద ఎవరితోనో గొడవపడుతూ కుప్పకూలాడు. బాపు ఆ పొద్దున అమ్మతో పోట్లాడి, అన్నం ముట్టకుండా సైకిలెక్కి వెళ్లి, పనిచేసేచోట పడిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. "ఈ ఇంటి మగోళ్లను కోపమే తింటది" అని మా మేనత్త తేల్చేసింది. ఆ మాటను ఎవరూ కాదనలేదు.

అప్పటి నుంచి అమ్మా నేనూ అన్న కోపానికి కాపలా ఉన్నాం. అన్నకు ఖిలా వరంగల్ వైపు మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. ఎవరైనా మోటారు తెచ్చి పొద్దున ఇచ్చి మధ్యాహ్నానికే కావాలంటే అన్న గొంతు లేస్తుంది. లోపల గదిలో ఉన్న అమ్మ పెదవులు కదులుతాయి, ప్రార్థన మొదలైందన్నమాట. నేను ఏదో ఒక వంక పెట్టి అన్నను లోపలికి పిలుస్తాను. ముప్పై ఏళ్లు ఇలాగే గడిచాయి. అన్నకు నలభై ఐదు నిండాక నాకు భయం మరీ ఎక్కువైంది. వర్ధన్నపేట బడిలో పాఠం చెబుతున్నా, ఫోన్ మోగితే సుద్దముక్క పక్కన పెట్టి, ముందు ఎవరి పేరో చూసేదాన్ని.

నిరుడు హాజరు పట్టీలో అక్షరాలు అలుక్కుపోతుంటే కళ్లద్దాల కోసం కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా కళ్లు చూసి, తర్వాత రెప్పల మూలలను వేలితో మెల్లగా నొక్కి చూశాడు.

"ఈ పసుపు మచ్చలు ఎప్పటి నుంచి ఉన్నయమ్మా?"

నేను నవ్వాను. "అవి మా ఇంటి గుర్తు సార్. మా బాపుకు ఉండె. మా అన్నకు గూడ ఉన్నయి."

ఆయన నవ్వలేదు. "మీ బాపు ఉన్నడా?"

లేడని, ఏ వయసులో ఎలా పోయాడో చెప్పాను. తాత సంగతి కూడా చెప్పాను. ఆయన కళ్లద్దాల చీటీ పక్కన పెట్టి, ఇంకో కాగితం మీద రక్తపరీక్ష రాసిచ్చాడు. "రేపే చేపించుకోండ్రి. పరగడుపున."

రిపోర్టు తీసుకుని గుండె డాక్టరు దగ్గరికి వెళ్లి, బాపు, తాత, అన్నల సంగతి చెప్పాను. నా వయసే ఉంటుంది ఆమెకు. కాగితం రెండుసార్లు చదివి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మీ రక్తంలో కొవ్వు చాలా ఎక్కువ ఉందమ్మా. తిండితో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. మీ నాన్న నుంచి వచ్చి ఉంటుంది. చిన్నప్పటి నుంచే రక్తనాళాల్లో పేరుకుంటూ వస్తుంది. రెప్పల మీద పసుపు మచ్చలుగా, కొందరికి మడమల వెనక గడ్డలుగా బయటికి కనిపించేది కూడా అదే. అందుకే మీవాళ్లు అంత చిన్న వయసులో పోయారు."

"కోపం వల్ల కాదా మేడమ్?"

"కోపం గుండెకు మంచిది కాదు. కానీ మీ ఇంట్లో అసలు కారణం ఇదే."

ముప్పై ఏళ్లు మేం కాపలా కాసింది వేరే వాకిలిని. ఇది మగవాళ్లకే వస్తుంది కదా అని అడిగాను. ఆడవాళ్లకూ వస్తుందని, కాస్త ఆలస్యంగా బయటపడుతుందని చెప్పింది. మందులున్నాయి, ముందే తెలిసింది కాబట్టి జాగ్రత్త పడొచ్చు అంది. తర్వాత, "పిల్లలున్నారా?" అని అడిగింది.

ఒక్కతే కూతురు. పదమూడేళ్లు.

"తనకు వచ్చి ఉండే అవకాశం సగం. తీసుకురండి. మీ అన్నను మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా రమ్మనండి."

బిడ్డ పరీక్షకు రక్తం ఇచ్చాక రిపోర్టు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నా కళ్లు దాని మీదే. జడ వేసి, ముఖం ఇటు తిప్పి రెప్పలు చూశాను. బూట్లు విప్పుతుంటే మడమలు చూశాను. దాని నుదురు, దాని నవ్వు నావేనని ఎవరైనా అంటే ఇన్నేళ్లూ మురిసిపోయేదాన్ని. ఇప్పుడు నా పోలిక ఎక్కడ కనిపించినా గుండె జారిపోతోంది.

"ఏంది మమ్మీ, గట్ల చూస్తానవ్?" అంది విసుగ్గా.

"ఏం లేదు బిడ్డా" అన్నాను.

ఈలోపు అన్న షాపుకు వెళ్లాను. అమ్మ అక్కడే స్టూలు మీద కూర్చుని ఉంది. విషయం చెప్పి, పరీక్షకు రమ్మన్నాను. అన్న చేతిలోని రాగితీగ పక్కకు విసిరేశాడు.

"నాకేమైంది? మంచిగున్న. నువ్వు దవాఖానల పొంటి తిరిగి, నన్ను గూడ రోగిని చేస్తానవ్. ఆ డాక్టర్లకు పని లేదు, నీకు బుద్ధి లేదు."

మెడ మీద నరాలు ఉబ్బాయి. అరుస్తూ అరుస్తూ ఇక్కడే పడిపోతాడేమోనన్న పాత భయం నన్ను కమ్మేసింది. డాక్టరు చెప్పింది నాకు తెలుసు. అయినా నోరు మూసుకున్నాను.

అప్పుడు అమ్మ నన్ను పిలిచింది. "డాక్టరమ్మ ఏమన్నదో మళ్లొకసారి చెప్పు బిడ్డా."

చెప్పాను.

"అయితే ఆ పొద్దుగాల నేను మీ బాపును మాట అనకపోయినా... పోయేటోడా?"

ఈ ముప్పై ఏళ్లలో అమ్మ ఆ పొద్దుటి సంగతి ఎత్తడం అదే మొదటిసారి. అన్న అరవడం ఆపేశాడు.

"లోపల ఎన్నడో పూడుకపోయి ఉంటదమ్మా. నీ మాటతోని పోలే."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత అన్న చెయ్యి పట్టుకుంది. "నేనే సంపిన అనుకుంట బతికిన కొడకా. ఎవ్వలకు చెప్పలే, దేవునికి తప్ప. ఇప్పుడు తెలిసి గూడ నిన్ను ఊకె ఇడిసిపెడ్తే, నిజంగనే సంపినదాన్నయిత. లే, పోదాం పా."

అన్న చేతులు గుడ్డతో తుడుచుకుని షట్టర్ దించాడు.

పరీక్షల్లో అన్న గుండె రక్తనాళం ఒకటి చాలా వరకు మూసుకుపోయిందని తేలింది. ఆ వారంలోనే స్టెంట్ వేశారు. మూడో రోజు వార్డులో ఉప్పులేని పప్పు పెట్టారని నర్సు మీద అరిచాడట. అమ్మ ఆ సంగతి నాకు నవ్వుతూ చెప్పింది.

బిడ్డ రిపోర్టులో కూడా అదే ఉంది. నా నుంచే వెళ్లింది. డాక్టరు గదిలో నేను తలెత్తలేకపోయాను. బిడ్డ మాత్రం డాక్టరునే నేరుగా అడిగింది. "నేను స్కూల్ టీంల కబడ్డీ ఆడుత మేడమ్. ఆడొచ్చా?"

"తప్పకుండా ఆడు. రోజుకో చిన్న మాత్ర మాత్రం మానొద్దు."

మొన్న వాళ్ల పోటీ చూడడానికి వెళ్లాను. బిడ్డ కూతకు వెళ్లిన ప్రతిసారీ లేచి నిలబడ్డాను. పక్కనున్నవాళ్లు కూర్చోమన్నా కాళ్లు వినలేదు. ముగ్గురు కలిసి పట్టి కింద పడేసినప్పుడు గీత దాకా పరుగెత్తబోయి ఆగాను. అది లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకుని బయటికి నడిచింది. రెండు పాయింట్ల తేడాతో వాళ్ల జట్టు ఓడిపోయింది. ఆటోలో ఇంటికొచ్చేదాకా రెఫరీదే తప్పని గొంతు పెంచి వాదిస్తూనే ఉంది. దాన్ని ఆపడానికి నేను ఏ వంకా వెతకలేదు.