శ్రీశైలం సారు పథ్యం

ఎదుటివాడి గిన్నె మూత తీసి చూడందే శ్రీశైలం సారుకు పొద్దు గడవదు. కోరుట్లలో అందరూ ఎరిగిన సంగతే ఇది. పెళ్లికి పోయినా, చావుకు పోయినా ఆయన మొదటి ప్రశ్న ఒక్కటే: "ఏం తిన్నవ్?"

హిందీ పండిట్‌గా రిటైరయ్యాక పట్టిన పిచ్చి ఇది. హైదరాబాదులో ఏదో పరిశోధనకు లావుపాటి మనుషులు కావాలంటే ఉత్సాహంగా పోయి చేరాడు. డాక్టర్లు ఆయన రక్తం తీశారు, పథ్యం పెట్టి బరువు తగ్గించారు, మళ్లీ రక్తం తీశారు. అప్పటినుంచి సారు నోట వేరే పాఠం లేదు.

"పేగులల్ల కంటికి కనవడని జీవులుంటయి. మనం తిన్నది అవి తిని, ఏవేవో పదార్థాలు జేసి రక్తంల కలుపుతయి. పథ్యం జేసి బరువు తగ్గితే గవి గూడ మారుతయి. కొన్ని తగ్గుతయి, కొన్ని పెరుగుతయి."

"గది మంచికా, చెడ్డకా సారు?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"డాక్టర్లకే ఇంక తెల్వదు, నాకెట్ల తెలుస్తది?" అనేవాడు గర్వంగా.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపో దాటలేదు. డ్రైవర్ సుదర్శన్ రోజూ పోయి సమ్మె టెంటులో కూర్చునేవాడు. జీతం ఆగింది, ఇంట్లో కూర వండటమూ ఆగింది. భార్య పద్మ గిన్నెలో మొక్కజొన్న రవ్వతో ఉడికించిన కాస్త మక్క గటక, పచ్చిపులుసు పెట్టి పంపేది. మధ్యాహ్నం అందరూ కలిసి తింటుంటే, సుదర్శన్ నీళ్ల డ్రమ్ము చాటుకు పోయి తినేవాడు. పోరాడుతున్నాడని మెచ్చుకున్న ఊరు, పాపం పస్తులుంటున్నాడని జాలిపడితే అతనికి తల కొట్టేసినట్టే.

అలాంటి టెంటులోకి సారు దిగాడు. మద్దతు తెలపడానికే వచ్చినా, వచ్చీ రాగానే మూతలు తీయడం మొదలుపెట్టాడు. "రాజయ్యా, గింత నూనెనా? నీ పేగులు నిన్ను తిట్టుకుంటున్నయి." టెంటంతా నవ్వింది. సుదర్శన్ డ్రమ్ము చాటుకు లేవబోయేలోపే సారు చెయ్యి అతని గిన్నె మీద పడింది.

సారు లోపలికి చూశాడు. కళ్లజోడు సవరించుకున్నాడు.

"డాక్టర్లు నాకు చెప్పిన పథ్యం ముమ్మాటికీ గిదే. మా ఇంట్ల గటక మంచిగ కుదుర్తలేదు. రేపటి సంది నీది నాకియ్యి, నాది నువ్వు తిను."

"నాదా సారు?"

"అవ్. ముసలోని ఆరోగ్యం నీ చేతుల ఉన్నది."

సుదర్శన్ ఛాతీ పొంగింది. "మన గటకనే సారుకు మందట," అని పద్మతో చెప్పాడు. ఆమె మరునాటి నుంచి ఇంకా శ్రద్ధగా వండింది. సారు గిన్నెలో అన్నం, పప్పు, గుడ్లు వచ్చేవి. వాటిని సుదర్శన్ అందరి మధ్యా కూర్చుని, సాయం చేస్తున్నవాడి ధీమాతో తినేవాడు. సారు గటక మింగుతూ మొహం చిట్లించి, "పేగులు సంబురపడుతున్నయి," అనేవాడు.

సమ్మె ముగిసింది. జీతం రాగానే సుదర్శన్ మటన్ వండించుకుని సారు ఇంటికి పోయాడు. సారు స్నానం చేస్తున్నాడు. ఆయన భార్య పోశవ్వ తలుపు తీసింది.

"సారు పథ్యం ఎట్ల నడుస్తున్నదమ్మా?"

"ఏం పథ్యమయ్యా? గది ఎండకాలంలనే అయిపాయె. డాక్టర్లు అన్నీ తినుమన్నరు. గీయన గటక తిని, కడుపుబ్బరంతోని పొర్లిండు. మానుమంటె వినకపాయె."

సుదర్శన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ముందు సిగ్గేసింది. ఆ వెంటనే ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. తన పరువును ఆయన ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకుని కాపాడాడు.

సారు తల తుడుచుకుంటూ వచ్చాడు. సుదర్శన్ గిన్నె ఆయన ముందు పెట్టాడు.

"మటన్ నా పేగులకు పడ్తలేదు సారు. రక్తంల ఏమేమో కలుస్తున్నట్టున్నది. జర మీరే సాయం జెయ్యాలె."

సారు భార్య వంక చూశాడు, సుదర్శన్ వంక చూశాడు.

"గట్లనా? మరి ఆలస్యం జేస్తే ప్రమాదమే," అంటూ పీట వాల్చుకున్నాడు.