ఒలాల్ కట్టని ఇల్లు

సరస్సు ఒడ్డున మా కిసుము ఊళ్లో బస్టాండు వెనక ఫోన్లు బాగుచేసే మా తమ్ముడు ఒలాల్‌కి ఆ ఫోన్లలోని లోకం మీద ఎప్పుడూ అనుమానమే. అతని ఈడు వాళ్లంతా అందులో బొమ్మ మనుషులై తిరిగేవారు, స్థలాలు తీసుకుని ఇళ్లు కట్టుకునేవారు. ఒలాల్ వెళ్లేవాడు, తిరిగేవాడు. ఇల్లు మాత్రం కట్టేవాడు కాదు.

కారణం మా అన్న ఒముగా. మా లువో తెగ వాళ్లలో పెద్దవాడు కట్టకుండా చిన్నవాడు ఇల్లు కట్టకూడదు. కడితే పెద్దవాడికి కీడు. మధ్యలో పుట్టిన నేను ఆడదాన్ని, ఈ లెక్కలోకి రాను. ఒముగా సరస్సులో చేపలు పట్టుకుంటూ, పెళ్లీ ఇల్లూ రెండూ వాయిదా వేస్తూనే ఉన్నాడు.

"బొమ్మ ఇంటికి కూడా కీడేంట్రా? మీ అన్నకి జలుబు చేస్తుందా?" అని స్నేహితులు ఏడిపించేవారు.

"చేస్తే నువ్వొచ్చి ముక్కు తుడుస్తావా?" అనేవాడు ఒలాల్.

అకేయో ఏడిపించలేదు. ఎక్కడో సముద్రం ఒడ్డున మొంబాసా ఊరి పిల్ల, ఆ లోకంలోనే పరిచయం. అక్కడ తన పక్క స్థలం అతని కోసం అట్టేపెట్టింది. ఆదివారం లోపు కట్టకపోతే వేరేవాళ్లకి పోతుందంది. స్థలంతో పాటు పిల్ల కూడా పోతుందని వాడి భయం.

ఒముగా చేపలమ్మడానికి ఊళ్లోకి వచ్చినప్పుడు ఒలాల్ ఫోన్ చేతికిచ్చాడు. "అన్నా, ముందు నువ్వొకటి కట్టేయ్. ఆ తర్వాత నేను కట్టుకుంటా."

ఒముగా చొక్కాకి చేతులు తుడుచుకుని తెర వంక చూశాడు. "ఈ నేల ఎవరిదిరా?"

"కంపెనీది."

"వాడు పొమ్మంటే?"

"పోవాలి."

"అయితే వాణ్ణి ఇక్కడికి రమ్మను. మొహం చూడకుండా ఎవడి నేలలోనూ గుంజ పాతను." ఫోన్ తిరిగిచ్చేశాడు. దానికి రెండు పొలుసులు అంటుకున్నాయి.

ఒలాల్ ఆ మాటే అకేయోకి చెప్పాడు. పక్కనున్న నాకూ ఆమె గొంతు వినబడింది. "మా ఇంట్లో నేను ఆరోదాన్ని ఒలాల్. కూడు దగ్గర్నుంచి మంచం దాకా నా వంతు ఆఖరు. ఆ ఫోన్ లోకంలో నాకు ముందు ఎవరూ లేరు. అందుకే వెళ్తున్నా."

ఆదివారం దాటింది. ఆ స్థలంలో ఎవరో ఇల్లు లేపారు. అకేయో మాట్లాడటం తగ్గించింది.

ఆ ఏటి వానల్లో పడవ తిరగబడి ఒముగా పోయాడు. ఇల్లు లేని మగవాణ్ణి అలాగే పాతిపెట్టకూడదని మా వాళ్లు అతని పేరిట గుడిసె వేశారు. ఒలాల్ మట్టి తొక్కి గోడలు మెత్తాడు.

అంత్యక్రియలయ్యాక స్నేహితుడొకడు నెమ్మదిగా అన్నాడు, "ఇక నీకు అడ్డు లేదు కదరా. కట్టుకో."

ఒలాల్ వాణ్ణి ఎగాదిగా చూసి, నా పక్కకొచ్చి అకేయోకి ఫోన్ చేశాడు. "నాకూ ముందెవరూ లేరిప్పుడు. ఏం బాగాలేదు."

 "మీ ఊరికి ఏ బస్సెక్కాలి?" అంది అకేయో.



"నువ్వేనా వచ్చేది, నీ బొమ్మ కాదుగా?" అని అడిగాడు ఒలాల్.