పిడి దాచుకున్న కారు

ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న మా ఊళ్లో ఇంగలిల్ స్టెన్‌వాల్ ఇరవై ఆరేళ్లు బడి బస్సు నడిపింది. పిల్లలు తగ్గి బస్సు ఆగిపోయాక, గడ్డకట్టిన మా సరస్సు మీద కొత్త కార్లను పరీక్షించే పనిలో చేరింది. అక్కడే నేను టైర్లు మార్చేవాణ్ణి. ఆమె నోటికి చిన్నా పెద్దా లేదు. కొత్త పాస్టరు ప్రసంగం సాగదీస్తుంటే, "కాఫీ చల్లారిపోతోంది, ఆమెన్ అనేసెయ్" అని ముందు వరసలోంచే చెప్పిన మనిషి.

ఆ జనవరిలో జర్మనీ నుంచి ఒక ఖరీదైన పెద్ద కారు వచ్చింది. పాత మోడలుకే కొత్త రూపం. దాన్ని గీసిన కోర్బినియన్ రైత్ కూడా వెంట వచ్చాడు, పల్చటి నల్ల కోటు, తెల్ల బూట్లు వేసుకుని. బయట మైనస్ ముప్పై ఆరు.

అతను ఓపిగ్గా అన్నీ చూపించాడు. ఇంజనుకి గాలి పోయే ముందు జాలీ రెండింతలైంది, దీపాలు సన్నబడ్డాయి. సీట్లు వీపు పిసుకుతాయి. లోపల బొత్తాలన్నీ పోయి, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే తెర. తలుపు పిడులు లోపలికి ముడుచుకుని ఉంటాయి, మనిషి దగ్గరికొస్తే బయటికొస్తాయి.

"వేడి పెంచేదెక్కడ?" అంది ఇంగలిల్.

"తెర మీద, మూడో పేజీలో. వేలితో తాకండి."

"చేతి తొడుగు తియ్యాలా?"

"తియ్యాలి."

"ఇదిగో అబ్బాయ్, ఇక్కడ మేం తొడుగు తీసేది రెండు పనులకే. ఒకటి పెళ్లి ఉంగరం పెట్టించుకోడానికి. రెండోది నీకూ తెలుసు."

మర్నాడు పొద్దున్న చూస్తే పిడులు మంచులో బిగుసుకుపోయాయి. రైత్ వెనక్కెళ్లి, కాలు ఆడిస్తే తెరుచుకునే వెనక తలుపు కోసం బంపరు కింద కాలు ఆడించాడు. రెండుసార్లు జారిపడ్డాక అది లేచింది. సీట్ల మీదుగా పాకి ముందుకెళ్లాడో లేదో, తలుపు దానంతటదే మూసుకుంది. లోపల్నుంచి తలుపు తియ్యాలన్నా తెర మీదే, ఆ తెరేమో వెలగలేదు. సీటు మాత్రం అతని వీపు పిసకడం మొదలెట్టింది.

నేను వేడిగాలి యంత్రం తెచ్చి తలుపు కరిగించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఇంగలిల్ కారు కిటికీ దగ్గర నిలబడి ఎండు రెయిన్‌డీర్ మాంసం నములుతూ, "నడుం కాస్త సర్దుకుందా?" అని అడుగుతూనే ఉంది.

నీలం తేలిన పెదాలతో దిగిన అతన్ని ఇంటికి తీసుకెళ్లింది. చనిపోయిన భర్త ఉన్ని ప్యాంటు తొడిగించి, మా వైపు అలవాటు ప్రకారం జున్నుముక్కలు వేసిన కాఫీ ఇచ్చింది. వణుకు తగ్గాక రైత్ మెల్లగా అన్నాడు: "మా అమ్మ కూడా ఈ తలుపు తియ్యలేకపోయింది. అలవాటవుతుందిలే అన్నాను."

"అమ్మకే చెప్పావా ఆ మాట? సిగ్గులేదూ. పెన్సిలుందా?"

లావు తొడుగున్న తన చేతిని కాగితం మీద ఆనించి, చుట్టూ గీత గియ్యమంది. "ఈ చెయ్యి పట్టే పిడి పెట్టు. లోపల మూడు మీటలు చాలు. గరుగ్గా ఉండాలి, చూడకుండానే తిప్పేట్టు." సాయంత్రం దాకా ఇద్దరూ వాదించుకుంటూ గీశారు. మూడు మీటలా నాలుగా అన్నచోట ఆమె ఓడిపోయింది.

మరుసటి చలికాలానికి అదే కారు బొద్దుపాటి పిడితో, నాలుగు గరుకు మీటలతో వచ్చింది. రైత్ పంపిన రంగుల ప్రచార పుస్తకంలో దాని గురించి ఇలా రాశారు: "ఉత్తరాది మంచు మౌనం నేర్పిన అందం."

ఇంగలిల్ కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది.

"మౌనంగా ఉన్నదెవరట?" అంది.